‘ఉడుకు’ ధాతువు - వాచ్యార్థము, వ్యవహారార్థము

తెలుగువారి వంటయింట నిత్యము వినవచ్చు క్రియలలో ‘ఉడుకు’ ఒకటి. నీటిలోనో ఆవిరిమీదనో వేడిచే పదార్థము మెత్తబడుట దీని వాచ్యార్థము. అన్నము ఉడికినది, పప్పు ఉడుకుచున్నది అనునవి ఉదాహరణములు. ఇదే పదము జనవ్యవహారమున రోషమునకు, ఆటపట్టించుటకు కూడ చెల్లుచున్నది. ఈ రెండవ అర్థమును గ్రామ్యమని త్రోసివేయుట కద్దు. కాని ప్రయోగములను పరిశీలించినచో, భాష ఈ రెండర్థములను రూపభేదముచే విభజించుకొన్నదని తేలును.

‘ఉడుకబెట్టు’ వంటకే పరిమితము. దుంపలను ఉడుకబెట్టుదురు గాని మనుష్యులను ఉడుకబెట్టరు. ‘ఉడికించు’ ఉభయసాధారణము. వంటకత్తె కందిపప్పును ఉడికించును. బావ మరదలిని ఉడికించును. ‘కొను’ చేరిన ‘ఉడుక్కొను’ మనస్సునకే చెందును. ఆటలో ఓడిన పిల్లవాడు ఉడుక్కొనును. అన్నము ఎన్నడును ఉడుక్కొనదు. అట్లు తరచుగా ఉడుక్కొనువాడు ‘ఉడుకుమోతు’.

ఈ భేదమునకు కారణము ‘కొను’ అను అనుప్రయుక్తము. క్రియాఫలము కర్తకే చెందుటను అది తెలుపును. సంస్కృతమున ఉభయపదియైన ‘పచ్’ ధాతువు నిందుకు పోల్చవచ్చును. పరులకై వండునపుడు ‘పచతి’, తనకై వండుకొనునపుడు ‘పచతే’ అని పాణినీయుల వ్యవస్థ. తెలుగున ‘వండుకొను’ అనుచో ఫలము భోజనము. ‘ఉడుక్కొను’ అనుచో వేడి కర్త లోపలనే పుట్టి కర్తనే బాధించును.

రెండర్థములను కలుపు లంకె ‘వేడి’. తెలంగాణ, రాయలసీమ వ్యవహారమున ‘ఉడుకునీళ్లు’ అనగా వేడినీళ్లు. ‘ఉడుకురక్తము’ యౌవనావేశమును తెలుపును. ‘తప్’ ధాతువునుండి పుట్టిన సంతాప, పశ్చాత్తాపములును ఇట్లే వేడినుండి మనోవేదనకు ప్రాకినవి. వానిని గ్రామ్యములని ఎవరును అనరు. కావున ‘ఉడుక్కొను’ నందలి లక్షణ మాత్రము దోషము కానేరదు.

‘వాని పప్పులుడుకవు’ అనుట వేరు. అచట ‘ఉడుకు’ వాచ్యార్థమును వీడలేదు. ఎత్తుగడ పారదను భావము వాక్యమంతటిది, ధాతువుది కాదు.

కావున నిఘంటువులు ‘ఉడుకు’ క్రింద అర్థములను వరుసగా పేర్చుటతో సరిపుచ్చక, ఏ రూపమున కేయర్థము చెల్లునో చూపుట యుక్తము. బోధనయందును ఈ పద్ధతియే మేలు. లేనిచో తెలుగు క్రొత్తగా నేర్చువాడు బావ మరదలిని ఉడికించెనని చదివి, పొయ్యికై వెదకును.