అద్దెను కప్పుల్లో లెక్కేద్దాం

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో తెలుగు వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు రైల్వే పనులకు వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి. వాటితో పాటే ఇడ్లీ, దోసె, కాఫీ కూడా టీ తాగే ఆ ఊరికి చేరాయి.

అలాంటి రద్దీ బజారు పక్కన మనవాళ్లెవరైనా సొంతంగా కాఫీ కొట్టు పెడతామంటే ఏం చెప్పాలి? ముందు అద్దెను కప్పుల్లోకి మార్చి చూడమనాలి.

కప్పు ధర రూ.15, అందులో పాలు, పొడి, పంచదార, గ్యాసు కలిపి రూ.9 అనుకుందాం. మిగిలేది రూ.6. నెల అద్దె రూ.6,000 అయితే ఆ అద్దెకే 1,000 కప్పులు అమ్మాలి. నెలకు 26 రోజులు తెరిస్తే రోజుకు 39 కప్పులు. ఆపైన కరెంటు, కుర్రాడి జీతం, అప్పు వాయిదా తీరాకే ఇంటికి మిగిలేది.

ఈ వ్యాపారంలో ఒక సుగుణం ఉంది. పొద్దున కొన్న పాలు సాయంత్రానికి డబ్బవుతాయి. బట్టల కొట్టులోలా సరుకు నెలల తరబడి నిలవ ఉండదు. అందుకే సరుకు కోసం పెద్ద అప్పు అక్కర్లేదు. ఫ్రిజ్, స్టవ్, సామాను వరకు తీసుకుంటే చాలు. 2015లో మొదలైన ముద్రా యోజన ‘శిశు’ విభాగంలో రూ.50,000 వరకు తాకట్టు లేని రుణం ఉంది.

క్యూఆర్ కోడ్ ద్వారా వచ్చే డబ్బును వ్యాపార ఖాతాలోనే పడనివ్వాలి. రేపు పెద్ద రుణం అడిగినప్పుడు అమ్మకాలకు ఆ ఖాతాయే సాక్ష్యం. వాయిదా మాత్రం పండగ నెల అమ్మకాలు చూసి పెట్టుకోకూడదు. జనం పలచబడే వానాకాలంలోనూ కట్టగలిగినంతే పెట్టుకోవాలి.