చదరంగము - యుద్ధరంగము

వేసవి సెలవులలో ఎండ చల్లారువరకు అరుగుమీద చదరంగము పఱచుకొని కూర్చుండని బాలురు మన ముద్దనూరు ప్రాంతమున అరుదు. బల్ల లేనివారు నాపబండపై బొగ్గుతో గీతలు గీసి పులిజూద మాడుదురు. ఇప్పుడు సెల్‌ఫోనులలోను, కంప్యూటరులలోను క్రొత్త యుద్ధక్రీడలు వచ్చినవి. వానియందు సేనాధిపతులు, ట్యాంకులు, విమానములు, కోటలు అన్నియు నుండును. ఈ ఆటలలో నిజమెంత? ముఖ్యముగా రెండు విషయములు విచారింపదగినవి. నాయకుడు పడిపోయినప్పుడు సైన్యమున కేమగును? ట్యాంకు వంటి గొప్ప ఆయుధము నిజముగా ఎంత పని చేయగలదు? ఈ రెంటిని ఆటలు ఉన్నదున్నట్లు చూపుచున్నవా, లేదా అని తెలిసికొనుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట రాజు సంగతి చూతము. చదరంగమునందు రాజు బలహీనుడు. ఒక్కొక్క గడి మాత్రమే కదలగలడు. అయినను ఆతడు చిక్కిన తోడనే ఆట కట్టు. ఏనుగులు రెండును నిలిచియున్నను, మంత్రి క్షేమముగా నున్నను, బంటులు ముందునకు సాగుచున్నను ఫలము లేదు. "రాజు పోయినంతమాత్రమున తక్కినవారు పోరాడరాదా?" అని ఆట క్రొత్తగా నేర్చుకొను పిల్లవాడు తప్పక అడుగును. అడుగదగిన ప్రశ్నయే. దీనికి మన చరిత్రయే ఒక జవాబు చెప్పుచున్నది.

1565వ సంవత్సరము జనవరి నెలలో కృష్ణానది సమీపమున, రక్కసగి తంగడి గ్రామముల యొద్ద, విజయనగర సైన్యమునకును దక్కను సుల్తానుల సైన్యములకును గొప్ప యుద్ధము జరిగెను. దీనినే తళ్ళికోట యుద్ధమందురు. విజయనగర సైన్యమునకు అళియ రామరాయలు నడుమ నిలిచెను. ఆయన తమ్ములు తిరుమలరాయలు, వేంకటాద్రి ప్రక్కలనున్న దళములను నడపిరి. రామరాయ లప్పటికి వయసు మళ్ళినవాడు. పల్లకిలో నుండి యుద్ధమును నడపుచుండెను. అహమ్మదునగరపు ఏనుగొకటి తమవైపు వచ్చుట చూచి బోయీలు పల్లకి దించి పాఱిపోయిరనియు, రామరాయలు శత్రువులకు చిక్కెననియు పర్షియను భాషలో చరిత్ర వ్రాసిన ఫెరిష్తా చెప్పియున్నాడు. అహమ్మదునగర సుల్తాను హుస్సేను నిజాంషా ఆజ్ఞచే ఆయన శిరస్సు ఖండింపబడి, బల్లెమునకు గ్రుచ్చి చూపబడెను. అది చూచిన తోడనే సైన్యము చెదరిపోయెను. వేంకటాద్రియు ఆ యుద్ధముననే మడిసెను. తిరుమలరాయలు రాజధానిని విడిచి ధనముతోను పరివారముతోను పెనుకొండకు చేరెను. ఓటమికి ఇతర కారణములను గూడ చరిత్రకారులు చెప్పుదురు. కాని నాయకుడు పడిన క్షణముననే సైన్యము విఱిగిన దనుటలో ఎవరికిని భేదాభిప్రాయము లేదు.

ఇంతవఱకు చూచినయెడల చదరంగము నిజమే చెప్పుచున్న దనిపించును. కాని ఇక్కడ నొక విశేషమున్నది. ఆనాడు విజయనగరమునకు రాజు రామరాయలు కాడు! సింహాసనముపై నున్నవాడు సదాశివరాయలు. ఆతడు యుద్ధమున చావలేదు. చదరంగపు లెక్కలో రాజు క్షేమముగానే యున్నాడు, పడినవాడు మంత్రి. మంత్రి పోయినను ఆట సాగవలెను. కాని సాగలేదు. ఏల యనగా, ఆజ్ఞలన్నియు ఆ మంత్రి నోటనే వెలువడుచుండెను. నడుమనున్న సేనకు ఆయన తరువాత ఆజ్ఞ యిచ్చువాడెవడో ఎవరికిని తెలియదు. కావున యుద్ధమున రాజనగా కిరీటము గలవాడు కాడు. ఎవని మాట తెగిన తక్కినవారు ఒకరి కొకరు కాకపోవుదురో, ఆతడే రాజు. ఈ భేదము బల్లమీది పావునకు తెలియదు.

నాయకుని మరణఫలము వెంటనే కనబడవలె నను నియమమును లేదు. 1757వ సంవత్సరము జనవరి నెలలో ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగరపు పూసపాటి విజయరామరాజును కలిసి బొబ్బిలి కోటను ముట్టడించి గెలిచిరి. బొబ్బిలి ప్రభువు రంగారావు కోటలో మడిసెను. ఆట యైనచో ఇక్కడనే లెక్క ముగిసి, గెలుపెవరిదో తేలెడిది. కాని కొలది దినములకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ శత్రు శిబిరమున ప్రవేశించి విజయరామరాజును డేరాలో పొడిచి చంపెను. బుస్సీ సైన్యమున కప్పటికి దానివలన నష్టమేమియు కానరాలేదు. అయితే విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారి పొత్తును విడిచి ఆంగ్లేయులను పిలిపించెను. 1758 డిసెంబరులో చందుర్తి యొద్ద ఫ్రెంచివారు ఓడిరి. మఱుసటి సంవత్సరము ఏప్రిలులో మచిలీపట్టణపు కోటయు వారి చేజాఱెను. ఒక డేరాలో పడిన కత్తిపోటు ఫలమును రెండేండ్ల తరువాత లెక్కవేయు యుద్ధక్రీడను ఇంతవఱకు నేను చూడలేదు.

నేటి కంప్యూటరు ఆటలు చాలవఱకు దీనికి విరుద్ధముగా నడచును. వానియందు సేనాధిపతి పడినచో సైన్యపు బలములో కొంత అంకె తగ్గును. లేదా కొలది నిమిషములు కాచుకొనినచో ఆతడే మరల లేచి నిలుచును. చదరంగము నాయకుని మరణమును సర్వనాశన మనుచున్నది. ఈ ఆటలు దానిని చిల్లర నష్ట మనుచున్నవి. రెండును సగము నిజములే.

సగము నిజముతో తృప్తిపడనివారును లేకపోలేదు. జర్మనీ దేశమున ప్రష్యా సైన్యాధికారి యగు రైస్విట్జు 1824వ సంవత్సరమున ఒక యుద్ధక్రీడకు నియమములు ప్రకటించెను. అందు గళ్ళబల్లకు మాఱుగా నిజమైన దేశపటమును పఱతురు. ఆటగాండ్రు తమ ఆజ్ఞలను కాగితముపై వ్రాసి మధ్యవర్తి కిత్తురు. ఆజ్ఞ దూరముననున్న దళమునకు చేరుటకు ఎంత కాలము పట్టునో మధ్యవర్తి లెక్కకట్టి, అప్పుడే ఆ పావును కదుపును. నాయకుని మాట నోటినుండి వెలువడిన తోడనే సైన్యము కదలదను సత్యము బల్లమీద కెక్కినది. ప్రష్యా సైన్యము ఈ ఆటను తన అధికారుల శిక్షణలో చేర్చుకొనెను.

ఆటలో నష్టమును దాచినచో ఏమగునో జపానువారు చూపిరి. 1942వ సంవత్సరమున మిడ్వే ద్వీపముపై దండెత్తుటకు ముందు వారి నౌకాధికారులు ఆ యుద్ధమును బల్లమీద ఆడి చూచిరి. శత్రు విమానముల దెబ్బలు తొమ్మిది తగిలినవని మధ్యవర్తి పాచికలు వేసి తేల్చగా, పైయధికారి వానిని మూడుగా తగ్గించెను. ఆటలో మునిగిన 'కాగా' యను విమానవాహక నౌక తరువాతి యాటలో మరల తేలినది. యుద్ధానంతరము జపాను నౌకాదళమువారే ఈ సంగతి వ్రాసిరి. జూను నెలలో నిజమైన యుద్ధము జరిగినప్పుడు కాగాతో కలిపి నాలుగు విమానవాహక నౌకలు మునిగినవి. వానిని లేపుటకు మధ్యవర్తి లేడు.

ఇక ట్యాంకు సంగతి. ఈ మాట వినగానే మన జిల్లావారికి చెఱువు జ్ఞప్తికి వచ్చును. సర్కారు కాగితములలో చెఱువును ట్యాంకనియే వ్రాయుదురు. యుద్ధయంత్రమునకును ఈ పేరు నీటివలననే వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులో ఆ యంత్రమును రహస్యముగా తయారుచేయుచు, అది నీళ్ళతొట్టి యని చెప్పి శత్రువుల కనులు కప్పిరి. పేరు నిలిచిపోయినది.

ఆటలయందు ట్యాంకు చదరంగపు ఏనుగు వంటిది. అడ్డము లేకున్న బల్ల యీ కొననుండి ఆ కొనకు ఒక్క ఎత్తున పోవును. అలయుట లేదు, నూనె యక్కఱలేదు, బురదలో దిగబడుట లేదు. నిజమైన ట్యాంకు మొదటిసారి యుద్ధమున దిగినది 1916వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, ఫ్రాన్సు దేశమున సొమ్ము నదీప్రాంతమున. ఆనాటికి 49 ట్యాంకులు సిద్ధపఱుపబడెను. వానిలో 32 మాత్రమే బయలుదేఱు చోటికి చేరగలిగినవి. తక్కినవి శత్రువు గుండు తగులకమునుపే మొరాయించియో, దిగబడియో దారిలో నిలిచిపోయెను.

నేలకున్న బలమెంతటిదో గండికోటను చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒకవైపు పెన్నానది కొండను చీల్చుకొని పాఱు లోతైన గండి. తక్కినవైపుల ఎఱ్ఱమల కొండలు. 1650లో గోలకొండ సేనాని మీర్‌జుమ్లా పెమ్మసాని నాయకులనుండి ఈ కోటను సాధించెను. రెండేండ్లకు ఇచ్చటికి వచ్చిన తావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు కోటకు పోవు దారి యెంత ఇఱుకైనదో, ఎంత నిటారైనదో వర్ణించియున్నాడు. అట్టి దారిని ఫిరంగిని లాగి పైకెక్కించుట యనిన ఎన్ని ఎడ్లు, ఎందఱు కూలీలు, ఎన్ని మోకులు, ఎన్ని దినములు! బల్లమీద అది ఒక్క ఎత్తు. విద్యార్థులు ఈసారి గండికోటకు విహారయాత్ర పోయినప్పుడు కోటగోడపై నిలిచి ఈ లెక్క వేసి చూతురుగాక.

చిత్రమేమనగా, ట్యాంకు గుణమును విదేశపు ఆటలకంటె మన పులిజూదమే బాగుగ చూపుచున్నది. పులులు మూడు, మేకలు పదునైదు. పులి మేకపైనుండి దుమికి దానిని చంపును. మేక పులిని చంపలేదు. అయినను వెనుక నింకొక మేక ఆనుకొనియున్నచో పులి దుముకలేదు. మేకలు ఒకదాని కొకటి అండగా నిలిచి దారులు మూసినచో, చావని పులి కదలలేక ఓడిపోవును. ఒంటరి మేకలను పులి తినును. ఒంటరి పులిని మేకలు కట్టివేయును.

1965వ సంవత్సరము సెప్టెంబరు 8 మొదలు 10వ తేదీవఱకు పంజాబులో ఖేమకరను సమీపమున, అసల్ ఉత్తర్ అను గ్రామమువద్ద జరిగినది ఇదియే. పాకిస్తానువారి పాటన్ ట్యాంకులు ఒక్కొక్కటి సుమారు 45 టన్నుల బరువు గలవి. మనవారు పొలములకు నీరు వదలిరి, చెఱకుతోటలలో పొంచియుండిరి. ఆ పులులు బురదలో దిగబడినవి. నాలుగవ గ్రెనేడియరు దళమునందలి హవల్దారు అబ్దుల్ హమీదు జీపుబండిపై నమర్చిన ఫిరంగితో ఒకదాని తరువాత నొకటిగా ట్యాంకులను కొట్టి, చివరకు తానును ప్రాణము విడిచెను. మనవారి లెక్క ప్రకారము శత్రువులు 90కి పైగా ట్యాంకులను కోల్పోయిరి. కాగితముమీద బలము చూచి పందెము కాచినవాడు ఆనాడు తప్పక ఓడియుండును.

నాయకుడు, ట్యాంకు రెండును కలిసిన దృష్టాంత మొకటి చెప్పి ముగించెదను. హైదరాబాదు సంస్థాన సైన్యమున ఉద్యోగ మారంభించి, పిమ్మట భారతసైన్యమున పూనా హార్సు దళమునకు అధిపతియైన లెఫ్టినెంటు కర్నలు తారాపోరు అదే యుద్ధమున సియాల్‌కోట ప్రాంతమున ట్యాంకుల దళమును నడపెను. సెప్టెంబరు 11వ తేదీన ఫిల్లోరా పోరులో ఆయనకు గాయము తగిలెను. వెనుకకు పొమ్మనిన పోలేదు. ఆఱు దినములు పోరాడి, 16వ తేదీన బుతుర్ డోగ్రాండీ వద్ద తన ట్యాంకు దెబ్బతినగా మరణించెను. చదరంగపు లెక్కలో ఇది ఆటకట్టు. కాని ఆయన పడిన తరువాతను దళము శత్రువు నెదిరించి నిలిచెనని ఆయనకు పరమవీరచక్ర మిచ్చినప్పటి ప్రశంసాపత్రము చెప్పుచున్నది. శత్రువుల ట్యాంకులు సుమారు 60 నాశనమైనవి, తమవి తొమ్మిది.

తళ్ళికోటలో నాయకుడు పడగా సేన చెదరెను; ఇక్కడ నాయకుడు పడినను సేన నిలిచెను. భేదము నాయకుల శౌర్యమున లేదు. ట్యాంకుల దళమున ప్రతి ట్యాంకులోను ఆజ్ఞ యిచ్చువాడు పడినచో తరువాతివాడెవడో ముందే నిర్ణయింపబడి యుండును. వాడు ఆ పని నేర్చియుండును. బలము పావులో లేదు, పావుల నడుమనున్న కట్టులో నున్నది. అదియే ఆటలు మఱచు సత్యము. నాయకుని విషయమున నది ఎంత నిజమో, ట్యాంకు విషయమునను అంత నిజము.

కావున విద్యార్థులారా, ఆడుడు. ఆటలు బుద్ధికి పదును. కాని ఏ యుద్ధక్రీడ యాడినను మూడు ప్రశ్నలు వేసికొనుడు. నాయకుడు పడినచో తరువాతివాడెవడు? ఈ యంత్రమునకు నూనె ఎక్కడిది, దారి యెక్కడిది? దాని ప్రక్కన నడచువా డెవడు? మన పాఠశాల కబడ్డీ జట్టునందైనను జట్టునాయకుడు కాలు బెణికి కూర్చున్న దినమున జట్టును నడపవలసినవా డెవడో ముందే తెలిసియుండవలెను. అది తెలిసిన జట్టు ఓడినను చెదరదు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లల ఆటను ఊరక మాన్పింపక, ఒకసారి ప్రక్కన కూర్చుండి చూడుడు. ఆట ముగిసిన తరువాత రాజును బంటును ఒకే పెట్టెలో వేసి మూత పెట్టుదుము. ఱేపటి యాటకు అందఱును లేచి వత్తురు. యుద్ధమునకు పోయినవారిలో కొందఱు తిరిగిరారు. వారి యింట తలుపు తెఱచి యెదురుచూచువా రుందురు. ఈ యొక్క మాట ఏ ఆటయు పిల్లవానికి చెప్పదు. అది మనమే చెప్పవలెను.