కారులో నుంచుకొనదగిన చిన్న అగ్నిమాపకము

ఆత్మకూరు నుండి ఉదయగిరికి, ఉదయగిరి నుండి సీతారామపురమునకు, లేదా ఆత్మకూరు నుండి మర్రిపాడు మీదుగా వెలిగొండలు దాటి బద్వేలునకు పోవు దారులలో ఊరికిని ఊరికిని నడుమ మెట్టపొలములు, చిట్టడవులు విస్తారముగా ఉన్నవి. ఇట్టి చోట కారు బానెట్టు క్రింద నుండి పొగ వెడలినచో 101కి గాని, 112కు గాని ఫోను చేయవలసినదే. కాని అగ్నిమాపక శకటము పట్టణము నుండి బయలుదేరి వచ్చుటకు పట్టు కాలము వేరు, నిప్పు బండినంతను ఆక్రమించుటకు పట్టు కాలము వేరు. ఇంజను వద్ద పుట్టిన మంట కొద్ది నిమిషములలోనే సీట్లకు ప్రాకగలదు. ఆ కొద్ది నిమిషములలో ప్రయాణికుల చేతికందు సాధనమును గూర్చియే ఇచ్చట ముచ్చటింపదలచితిమి. దీనిని వాడుకలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ అందురు.

దీని శక్తి ఎంతయో, ఎంత కాదో మొదటనే తెలిసికొనుట మేలు. 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున మహబూబునగరము జిల్లా పాలెము వద్ద ఒక బస్సు కల్వర్టును ఢీకొని మంటలలో చిక్కుకొనగా 45 మంది మరణించిరి. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద మరియొక బస్సు దగ్ధమై అనేకులు ప్రాణములు కోల్పోయిరి. అట్టి మహాగ్నిని చేతిలో పట్టు చిన్న సిలిండరు ఆర్పజాలదు. అది అప్పుడే పుట్టిన నిప్పునకు, అనగా ఒక గంపెడంత మంటకు మాత్రమే విరుగుడు. అందరును బండి దిగిన పిమ్మటనే దానితో పని.

కారులో నిప్పు ఎట్లు పుట్టును? పెట్రోలు గొట్టము బీటవారి చమురు కారుట ఒక కారణము. ఎలుకలు వైర్లను కొరుకుట మరియొకటి. ఫ్యూజు లేకుండ అదనపు దీపములను, హారన్లను తగిలించుట ఇంకొకటి. మెట్టప్రాంతమున వేసవిలో మరియొక ప్రమాదము కలదు. దూరము నడచిన బండి సైలెన్సరు గొట్టము మిక్కిలి వేడెక్కి ఉండును. అట్టి బండిని రోడ్డు ప్రక్క ఎండుగడ్డిపై నిలిపినచో గడ్డి అంటుకొని, ఆ మంట బండికి తగులుకొనవచ్చును.

కారులో కాలు పదార్థములు మూడు విధములు. సీట్ల గుడ్డ, స్పాంజి, ప్లాస్టిక్కు మొదలగునవి ఏ తరగతికి చెందును. పెట్రోలు, డీజిలు, ఇంజను ఆయిలు బి తరగతివి. గ్యాసుతో నడచు బండ్ల ఇంధనము సి తరగతిది. ఈ మూటికిని పనికివచ్చునదే మనకు కావలసినది.

నీరు అందుకు తగదు. పెట్రోలు నీటిపై తేలును గనుక నీరు పోసినకొలది మంట వ్యాపించును. బొగ్గుపులుసు వాయువు సిలిండరు బరువైనది. పైగా ఆరుబయట గాలి వీచినచో ఆ వాయువు చెదరిపోవును. పూర్వము కారులలో కార్బన్ టెట్రాక్లోరైడు అను ద్రవముతో నిండిన ఇత్తడి పిచికారీలు ఉంచెడివారు. ఆ ద్రవము మంటలో పడినపుడు ఫాస్జీను అను విషవాయువు పుట్టును. మొదటి ప్రపంచ యుద్ధములో సైనికులపై ప్రయోగించిన వాయువు అదియే. పాత సామానులలో అట్టి పిచికారీ ఎవరికైన దొరకినచో దానిని వాడరాదు.

నేడు కారునకు తగినది ఏ.బి.సి. పొడి నింపిన అగ్నిమాపకము. ఈ పొడిలో ముఖ్యమైనది మోనో అమ్మోనియం ఫాస్ఫేటు. బిందుసేద్యము చేయు రైతులు 12-61-0 అను పేరుతో కొను ఎరువు ఈ లవణమే. ఇది మంటలోని రసాయనచర్యను తెగగొట్టును. వేడికి కరగి, కాలుచున్న గుడ్డపైనను స్పాంజిపైనను పూతవలె అంటుకొని గాలి తగులనీయదు. వంటసోడా జాతికి చెందిన బి.సి. పొడి పెట్రోలు మంటను ఆర్పును గాని, సీటులో రాజుకొను నిప్పును అంతగా అణచజాలదు. కావున కొనునపుడు సిలిండరుపై ఏ, బి, సి మూడక్షరములును ఉన్నవా అని చూడవలెను.

ఇక పరిమాణము. అంగడిలో అర కిలో డబ్బాలు కూడ అమ్ముదురు. అవి చూపునకు ముచ్చటగా ఉండును గాని, వానిలోని పొడి కొద్ది సెకనులలో అయిపోవును. చిన్నకారునకు ఒక కిలో, పదిమంది ఎక్కు పెద్దబండికి రెండు కిలోలు తగియుండును. ఒక కిలో సిలిండరైనను సుమారు ఎనిమిది, పది సెకనులు మాత్రమే పనిచేయును. ఐ.ఎస్.ఐ. గుర్తును, ఐ.ఎస్. 15683 అను ప్రమాణసంఖ్యను, తయారైన తేదీని చూచియే కొనవలెను. పీడనము చూపు గేజి ఉన్న సిలిండరు మేలు. ముల్లు ఆకుపచ్చ భాగమున ఉండవలెను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. ఉదయగిరి కొండ క్రింద బయట 42 డిగ్రీల ఎండ కాయునపుడు, అద్దములు మూసి ఎండలో నిలిపిన కారు లోపల ఒక గంటలో 60 డిగ్రీలు దాటవచ్చును. సూటిగా ఎండ తగులు డ్యాష్‌బోర్డు ఇంకను వేడెక్కును. సిలిండరుపై అది ఎంత వేడి వరకు తాళునో ముద్రించియుండును. ఆ అంకె ఎక్కువగా ఉన్నదానిని ఎన్నుకొనవలెను. దానిని అద్దము దగ్గర ఉంచక, సీటు నీడలో నేలకు దగ్గరగా ఉంచవలెను. వేసవిలో బండిని చెట్టునీడన నిలుపుట ఉత్తమము.

ఉంచు చోటు కూడ ముఖ్యమే. డిక్కీలో పెట్టెల క్రింద దాచిన అగ్నిమాపకము, ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వినట్లు, చేతికందునప్పటికి పనికిరాదు. విడిగా పడవేసినచో అది దొరలి బ్రేకు పెడలు క్రింద చిక్కుకొనవచ్చును. బండి దేనినైన గుద్దుకొనినపుడు ఎగిరి లోనివారికి తగులవచ్చును. డ్రైవరు ప్రక్కసీటు ముందర గాని, ఆ సీటు క్రింద గాని ఇనుప పట్టీతో బిగించుట మంచిది. తలుపు తెరచి నిలిచినవారి చేతికి అది వెంటనే అందవలెను.

గతుకుల దారిలో కదలికకు లోపలి పొడి అడుగున గట్టిపడును. నెలకొకసారి సిలిండరును తలక్రిందులు చేసి కదలించవలెను. గేజిని, సీలును చూడవలెను. ఒకసారి కొంచెమైన వాడినచో మరల నింపించక తప్పదు. కవాటములో పొడి చిక్కుకొని పీడనము మెల్లగా తగ్గిపోవును.

పొగ కనబడినపుడు బండిని ప్రక్కకు నిలిపి, ఇంజను ఆపి, పిల్లలను, వృద్ధులను మొదట దింపి గాలికి ఎదురుదిక్కున దూరముగా నిలుపవలెను. బానెట్టును పూర్తిగా ఎత్తరాదు. గాలి తగిలి మంట పెరుగును. లోపలి పిడిని లాగి, సందు ఏర్పడినంతట ఆ సందులోనికే పొడి చిమ్మవలెను. పిన్ను తీసి, గాలి వీచు వైపున నిలిచి, మంట కొనకు గాక మొదలునకు గురిపెట్టి అటునిటు త్రిప్పవలెను. ఆరిన నిప్పు వేడి ఇనుమునకు తగిలి మరల రాజుకొనవచ్చును గనుక కొంతసేపు కనిపెట్టియుండవలెను. పొడి అయిపోయినను మంట ఆరనిచో, లేదా మంట ఇంధనపు తొట్టిని సమీపించినచో, బండిని వదలి దూరముగా పోవలెను. విద్యుత్తు కారు బ్యాటరీ అంటుకొనినచో ఈ పొడి దానిని ఆర్పదు. అచ్చట దిగి దూరమగుటయే కర్తవ్యము.

ఈ సంగతులు బండి నడపువారికి మాత్రమే తెలిసిన చాలదు, వారే గాయపడియుండవచ్చును. ఇంటిలోని పెద్దపిల్లలు, స్త్రీలు సైతము పట్టీ విప్పి సిలిండరును చేతికి తీసికొనుట అభ్యసింపవలెను. వచ్చు ప్రయాణమునకు ముందే, వాకిట నిలిపిన బండిలో, పిన్ను తీయకుండ, దీనిని రెండుమారులు చేసి చూచుకొనవలసినదిగా మా మనవి.