లార్డ్ రిప్పన్: కుటుంబం, మనస్సాక్షి, కార్మిక చట్టం

పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల్లో పరిచర్య చేసే కాపరులు రాత్రి షిఫ్టు ముగించుకొని నేరుగా ఆరాధనకు వచ్చే కార్మికులను ఎరుగుదురు. ఈ దేశంలో కర్మాగార కార్మికుని గురించిన తొలి చట్టం 1881లో వచ్చింది. అప్పటి వైస్రాయి లార్డ్ రిప్పన్. స్థానిక స్వపరిపాలన పితామహుడని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న ఈయన జీవితాన్ని, కుటుంబ నేపథ్యాన్ని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

రిప్పన్ అసలు పేరు జార్జ్ రాబిన్సన్. 1827 అక్టోబరు 24న లండన్‌లోని 10 డౌనింగ్ స్ట్రీట్‌లో, అనగా ప్రధానమంత్రి నివాసంలోనే జన్మించాడు. తండ్రి గోడ్రిచ్ ప్రభువు అప్పుడు ప్రధానమంత్రి. తల్లి సారా తండ్రియైన రాబర్ట్ హోబర్ట్ 1794 నుండి 1798 వరకు మద్రాసు గవర్నరు. కోస్తా ఆంధ్రలోని ఉత్తర సర్కారులు ఆనాడు ఆ గవర్నరు ఏలుబడిలోనివే. ఈ విధంగా అధికారం ఆయనకు ఇరువైపుల నుండీ సంక్రమించింది.

అయితే యౌవనంలో ఆయన మారిస్ మొదలైనవారి క్రైస్తవ సామ్యవాద ఉద్యమంలో చేరి, కార్మికుల పక్షాన నిలిచాడు. 1851లో హెన్రియెట్టా వైనర్‌ను వివాహమాడాడు. 1852లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. తరువాత యుద్ధ మంత్రిగా, భారత వ్యవహారాల మంత్రిగా పనిచేశాడు. 1870లో గ్రీసు దేశంలో బందిపోట్లు ఆయన బావమరిది ఫ్రెడరిక్ వైనర్‌ను చంపారు. ఈ దుఃఖం ఆయనను విశ్వాస విషయాల్లో లోతైన ఆలోచనకు పురికొల్పింది. 1874లో కతోలిక సంఘంలో చేరాడు. అందుకోసం ఫ్రీమేసన్ల గ్రాండ్ మాస్టరు పదవిని వదులుకున్నాడు. ప్రొటెస్టంటు ఇంగ్లండులో ఇక ఆయన రాజకీయ జీవితం ముగిసినట్లేనని చాలామంది తలంచారు. కాని 1880లో గ్లాడ్‌స్టన్ ఆయనను వైస్రాయిగా పంపాడు. ఆ పదవి చేపట్టిన తొలి కతోలికుడు ఆయనే.

1882లో ఆయన దేశభాషా పత్రికల చట్టాన్ని రద్దు చేశాడు. 1884 ఫిబ్రవరిలో హైదరాబాదు వచ్చి ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌కు పూర్తి అధికారాలు అప్పగించాడు.

ఇక 1881 చట్టానికి వద్దాం. ఏడేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టరాదని, పన్నెండేళ్ళ లోపువారి పని తొమ్మిది గంటలు మించరాదని, ప్రమాదకరమైన యంత్రాలకు కంచె ఉండాలని అది విధించింది. నూరుమంది, అంతకు మించి పనిచేసే కర్మాగారాలకే అది వర్తించింది. వయోజనుల పనిగంటలకు హద్దు పెట్టలేదు. బొంబాయి మిల్లుల పోటీకి జంకిన లాంకషైర్ యజమానుల ఒత్తిడి కూడా దాని వెనుక ఉంది. పైగా అది బ్రిటిషు ఇండియా చట్టం. మెతుకు సీమ నిజాము రాజ్యంలో ఉన్నందున ఇక్కడికి రాలేదు. కాబట్టి దానిని కేవలం ఒక భక్తుని దయాకార్యమని చెప్పుట సరికాదు, కేవలం వ్యాపార తంత్రమని కొట్టివేయుటయూ సరికాదు.

రిప్పన్ 1909 జూలై 9న మరణించాడు. కుమార్తె పసితనంలోనే చనిపోయింది. కుమారుడు 1923లో సంతానం లేకుండా మరణించడంతో బిరుదులు అంతరించాయి. వంశం నిలువలేదు గాని, యంత్రం ముందు నిలబడిన మనిషికి రక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అన్న సూత్రం నిలిచింది.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా మరణించారు. వారిలో పొట్ట చేతబట్టుకొని ఇతర రాష్ట్రాల నుండి వచ్చినవారు అనేకులు. చట్టం పుస్తకంలో ఉండుట వేరు, అది కార్మికుని దగ్గరకు చేరుట వేరు. ఆ దూరాన్ని తగ్గించే పనిలో మన సంఘాలకు పాలు లేదా? రిప్పన్ జీవితం మనముందు ఉంచే ప్రశ్న ఇదే.