జీను మీది విలేకరి

కెంటకీ రాష్ట్రమందలి లూయివిల్ నగరములో, 1875 నుండి ఏటేటా డెర్బీ జరుగుచున్న చర్చిల్ డౌన్స్ మైదానమున, మే నెల మొదటి శనివారమునాడు మూడేండ్ల ప్రాయపు థరోబ్రెడ్ గుఱ్ఱములు ఇరువదివఱకు ఒక్కసారిగా వెలువడి, మైలుంబావు దూరమును రెండు నిమిషములకు ఇంచుమించుగా ముగించునప్పుడు, లక్షకు మించిన ప్రేక్షకుల కోలాహలములో ప్రక్కవాని పలుకైనను వినరాదు. ఆ ఘోషకు ఆవల, గెలిచిన గుఱ్ఱము తన వేగము నింకను అణచుకొనజాలక సాగిపోవుచుండగా, వేఱొక గుఱ్ఱముపై దానిని సమీపించి, ఉచ్ఛ్వాసనిశ్వాసములైనను కుదుటపడని రౌతు ఎదుట మైకు చాచి తొలిమాట రాబట్టు స్త్రీని రెండు దశాబ్దములకు పైగా అమెరికను ప్రజలు ఎన్‌బీసీ టెలివిజనులో చూచిరి. ఆమెయే డోనా బార్టన్ బ్రదర్స్.

ఆ స్థానము ఆమెకు ఊరక లభించినది కాదు. 1969 ఫిబ్రవరిలో ఫ్లారిడాలోని హయాలియా మైదానమున డయాన్ క్రంప్ అను యువతి రౌతుగా బరిలో దిగినప్పుడు, మూగిన జనమునుండి పోలీసులు ఆమెను కాచి తోడ్కొనిపోవలసివచ్చెను. ఆ యేటనే లైసెన్సు పొందిన తొలి మహిళలలో డోనా తల్లి పాటీ బార్టన్ ఒకతె. కుమార్తె 1987లో పందెములందు అడుగిడి, వేయికి పైగా విజయములు గడించి, 1998లో జీను దిగెను. పెనిమిటి ఫ్రాంక్ బ్రదర్స్, 1991లో ప్రీక్‌నెస్, బెల్మాంట్ పందెములు రెండింటిని గెలిచిన హాన్సెల్ అను గుఱ్ఱమును తీర్చిదిద్దిన ట్రైనరు.

ఇట్టి జీవితమునుండి వచ్చిన దృష్టికి, పుస్తకజ్ఞానముతో వచ్చు దృష్టికి ఎంతో అంతరము కలదు. పందెమునకు ముందు గుఱ్ఱములను త్రిప్పుచున్నప్పుడు, ఎండవలన మెడమీద పోయు చెమట వేఱు, బెదరువలన వెనుకతొడల సందున నురుగై పేరుకొను చెమట వేఱు. చెవులు నిక్కించుట వేఱు, మెడకు అంటించుకొనుట వేఱు. వానిని క్షణములో గుర్తించి, గుఱ్ఱపుశాల నెఱుగని గృహిణికి సైతము బోధపడునట్లు చెప్పగలుగుటయే ఈ విద్య. గెలిచిన రౌతుతో ఆమె సంభాషణమును గమనింపుడు: ఒకే పొలమున పాటుపడిన ఇరువురు గట్టుపై నిలిచి మాటలాడుకొనునట్లుండును. మన మలక్‌పేటలోను పందెములు జరుగుచునే యున్నవి. కాని మన పత్రికలలో ఏ గుఱ్ఱముపై పణమొడ్డవలెనో చెప్పువారే కాని, ఆ గుఱ్ఱ మెట్టిదో చెప్పువారు అరుదుగా కానవత్తురు. ఈ లోటు నాకు నిజముగా బాధ కలిగించును.

గుఱ్ఱమునకు ఇంత చేరువగా నిలుచుటలో అపాయమును కలదు. 2022 డెర్బీలో, ముందునాడు మాత్రమే బరిలో చోటు దొరకిన రిచ్ స్ట్రైక్ అను గుఱ్ఱము, ఒకటికి ఎనుబది పందెముతో ఎల్లరను దిగ్భ్రాంతులను జేసి గెలిచి, తన్ను పట్టుకొనవచ్చిన రక్షక రౌతును, అతని గుఱ్ఱమును పదేపదే కఱచెను.

అంతకంటె దారుణమైనది 2008 నాటి డెర్బీ. పందొమ్మిది పోతుగుఱ్ఱముల నడుమ ఏకైక ఆడుగుఱ్ఱమై పరుగెత్తి, బిగ్ బ్రౌన్ వెనుక ద్వితీయస్థానమున నిలిచిన ఎయిట్ బెల్స్, గమ్యము దాటి వేగము తగ్గించుకొనుచుండగానే ముంగాళ్లు రెండును గిట్టలపై కీళ్లకడ విఱిగి కూలిపోయెను. నయముచేయు ఉపాయము లేక వైద్యులు అచటనే దాని కంతిమ విశ్రాంతి నొసగిరి. ఒకే ప్రసారములో ఒకరి పరమానందమును, ఒక మూగజీవి మరణమును చెప్పవలసిన దినమది. బహుమానపు మొత్తములు మాత్రమే చదువ నేర్చినవాడు అట్టివేళ మాట తోచక నిలిచిపోవును. గుఱ్ఱమును ప్రేమించినవారికే ఆ మరణమును దాచక, దానిని వేడుకగా మార్చక చెప్పు అర్హత కలుగును. ఈ వృత్తిలో అనురాగము అలంకారము కాదు, యోగ్యత.

ఇట్టి యోగ్యతతోనే ఇప్పుడు న్యూయార్కు మైదానములందు మాగీ వుల్ఫెండేల్ అను విశ్లేషకురాలు ఉదయమున తానే గుఱ్ఱములెక్కి వ్యాయామము చేయించి, మధ్యాహ్నము టెలివిజనులో పందెపుగుఱ్ఱముల అంగసౌష్ఠవమును వివరించుచున్నది.