కోదాడ కోతలరాయుడు

హాస్యనటుడు వేదిక మీద ఉన్నంతకాలం తన మాటలకు తానే రచయిత అన్న సంగతిని ఎవరూ శంకించరు గానీ, అతడు సినిమాలో అడుగుపెట్టగానే ఆ రచయిత కనుమరుగై నటుడొక్కడే మిగులుతాడు. కోదాడలో పెరిగి, ధ్వన్యనుకరణ కళాకారుడిగా పేరు తెచ్చుకొని, వందకు పైగా చిత్రాలలో నవ్వించి, 2019 సెప్టెంబరు 25న సికింద్రాబాదులోని ఒక ఆసుపత్రిలో కన్నుమూసిన వేణుమాధవ్ విషయంలో జరిగింది కూడా ఇదే. వర్ధంతి సంచిక కోసం జీవితచిత్రంగా తలపెట్టిన ఈ కథనం సినిమాల పట్టిక కూర్చే పనిని పక్కనపెట్టి, ఒక్క పాత్ర దగ్గర, అందులోనూ ఒక్క వాక్యం దగ్గర ఎక్కువసేపు ఆగిపోవడానికి కారణం, ఆ వాక్యంలో నటుడితో పాటు వేదిక మీది రచయిత కూడా వినిపించడమే.

ఆ పాత్ర 2004లో ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో వచ్చిన 'సై' చిత్రంలోని నల్లబాలు. కళాశాల విద్యార్థులు, రగ్బీ ఆట, స్థలం కోసం పోరు అన్న ప్రధాన కథకు ఇతడు లేకపోయినా పెద్ద లోటు రాదు. అయినా కథానాయకుడి పేరు గుర్తులేనివారికి కూడా నల్లబాలు గుర్తుంటాడు. తన పేరు తానే ప్రకటించుకొని, తనను నల్లతాచుతో పోల్చుకొని, ఎదుటివాడిని చంపుతానని బెదిరించే అతడి పరిచయ వాక్యం మూడు మెట్లుగా నడుస్తుంది. మొదటి రెండు మెట్లు ఆనాటి కథానాయకుల డైలాగుల వరసలోనే ఉంటాయి: ముందు పేరు, వెనుక ఉపమానం. తాచుపాము అన్నాక కాటు రావాలని చెవి ఎదురుచూస్తుంది, కానీ మూడో మెట్టులో కాటుకు బదులు నాకడం వస్తుంది. భయపెట్టడానికి కట్టిన వాక్యం తన చివరి క్రియ దగ్గరే కూలిపోతుంది.

ఇక్కడ రచన ఎంత పని చేసిందో, ఉచ్చారణ అంతకంటే ఎక్కువ పని చేసింది. సాధారణ హాస్యనటుడైతే ఆ క్రియకు ముందు క్షణం ఆగి, ప్రేక్షకుడి వైపు ఓరగా చూసి, ఇదిగో హాస్యం అని సైగ చేసేవాడు. వేణుమాధవ్ ఎక్కడా ఆగలేదు, సైగా చేయలేదు. మూడు మెట్లనూ ఒకే ఊపిరిలో, నిజంగా ఊరు హడలిపోతోందన్న నమ్మకంతో పలికారు. పొట్టి శరీరం, సన్నని గొంతు, తొణకని ఆత్మవిశ్వాసం అనే మూడూ ఒకదానితో ఒకటి పొసగకపోవడమే నవ్వుకు మూలం. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) వంటి చిత్రాలతో తొడగొట్టే కథానాయకుడు రాజ్యమేలుతున్న రోజులవి. 'సై'కి ముందటి ఏడాదే 'సింహాద్రి' తీసిన దర్శకుడు, వీరుడి పరిచయానికి తానే వాడిన మూసను ఈ పాత్రలో తలకిందులుగా పట్టి చూపించాడు.

ఈ తరహా హాస్యానికి సినిమా కంటే పాత చిరునామా ఒకటి ఉంది. తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర అనీ, తుపాకి రాముడనీ పిలిచే పగటివేషం, అంటే పట్టపగలు ఇంటింటికీ తిరిగి ఆడే వేషం, సూర్యాపేట, మిర్యాలగూడ పరిసరాల పాతతరానికి బాగా తెలిసినదే. ఖాకీ బట్టలు, తెల్లదొరల తరహా టోపీ, భుజాన కట్టెతుపాకీ, నోటినిండా ఊపిరాడని వేగంతో కోతలు: తనకున్న భూములు, తన ఇంట్లో జరగబోయే పెళ్ళి, దానికి రాబోయే అతిథులు. ఆ పెళ్ళికి దారి చెప్పమంటే అది ఎటూ చేరదు. ఇస్తానన్న కానుకలు ఎక్కడా ఉండవు. చివరికి ఆ దొరే చేయి చాపి గింజలో పైసలో అడుగుతాడు. వేషం దొరది, బతుకు బిచ్చగాడిది. మధ్యలో ఉన్నదంతా మాట. ఆ మాటను ముందు తరం నుంచి అందుకొన్నది కొంత, ఊరినీ వాకిటినీ చూసి అప్పటికప్పుడు అల్లుకొన్నది కొంత కాబట్టి, పిట్టలదొర ఏకకాలంలో రచయిత, నటుడు, దర్శకుడు.

వేణుమాధవ్ ఈ వేషం దగ్గర పాఠం నేర్చారని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. నల్లబాలు కట్టెతుపాకీ లేని పిట్టలదొర అన్నది మాత్రం ఈ కథనం ప్రతిపాదన. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద, తెలంగాణ దాటి ఆంధ్రప్రదేశ్ వైపు వెళ్ళేముందు వచ్చే చివరి పెద్ద పట్టణం కోదాడ. రెండు వైపుల యాసలూ బస్టాండులోనే కలగలిసి వినిపించే అటువంటి చోట, చెవి చురుకైన పిల్లవాడికి అనుకరణ అబ్బడం ఆశ్చర్యం కాదు. మిమిక్రీ కళాకారుడు పెద్దల గొంతులు పలికిస్తాడన్నది పైపై వర్ణన. ఏ గొంతును ఏ సందర్భంలో ఇరికించాలి, ఏ నాయకుడి చేత ఏ చిల్లర మాట అనిపించాలి అన్నది పూర్తిగా రచన. ఆ రచన కాగితమెక్కదు కాబట్టి లెక్కకు రాదు. సినిమాలోనైతే 'మాటలు' అన్న అక్షరాల కింద ఒకరి పేరు పడుతుంది; చిత్రీకరణ స్థలంలో హాస్యనటుడు చేర్చిన మాటకూ, మార్చిన విరుపుకూ అక్కడ చోటు ఉండదు. బ్రిటన్‌లో ఎరిక్ సైక్స్ (1923–2012) వంటివారిని రచయితగానూ నటుడిగానూ ఒకే ఊపిరిలో పేర్కొనడం రివాజు. తెలుగులో అటువంటి రివాజు లేకపోవడం ప్రతిభ లోపం కాదు, జమాఖర్చుల లోపం.

మిగిలిన చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మిమిక్రీ ప్రదర్శనల ద్వారా తెలుగుదేశం పార్టీ సభలకు చేరువై, ఎన్.టి. రామారావు మెప్పు పొంది, పార్టీ కార్యాలయంలో కొంతకాలం పనిచేసిన వేణుమాధవ్, ఎస్.వి. కృష్ణారెడ్డి 'సంప్రదాయం' (1996)తో తెరకు పరిచయమయ్యారు. 'తొలిప్రేమ' (1998)లో కథానాయకుడి స్నేహితుల్లో ఒకరిగా గుర్తింపు, 'దిల్' (2003)తో గిరాకీ, 'సై'తో శాశ్వతమైన మారుపేరు, 'లక్ష్మి' (2006)కి ఉత్తమ హాస్యనటుడిగా నంది పురస్కారం వచ్చాయి. 2010 తర్వాత అవకాశాలూ ఆరోగ్యమూ రెండూ తగ్గుముఖం పట్టాయి.

కథానాయకుడిగా ఆయన చేసిన ప్రయత్నాల మీద ఈ కథనానికి అంత గురి లేదు. ఆలీతో కలిసి చేసిన 'హంగామా' (2005)లో ఇద్దరి గొంతుల వేగం ఒకదానికొకటి ఆసరా అయింది గానీ, సొంతంగా నిర్మించి నటించిన 'ప్రేమాభిషేకం' (2008) పేరులోని హాస్యాన్ని కథలోకి తెచ్చుకోలేకపోయింది. అక్కినేని నాగేశ్వరరావుతో దాసరి నారాయణరావు తీసిన 1981 నాటి విషాద ప్రేమకథ పేరును ఒక హాస్యనటుడు తగిలించుకోవడమే కోతలరాయుడు వేయదగిన ఎత్తు. అయితే కోత రెండు నిమిషాలు నవ్విస్తుంది, రెండున్నర గంటలు నిలవాలంటే దాని వెనుక ఒక మనిషి కథ కావాలి. ఆ మనిషిని ఆయన కోసం రాసినవారు లేరు.

రాజకీయ వేదిక ఆయనను చివరిదాకా వదల్లేదు. ఉప ఎన్నికల్లో తెలుగుదేశం తరఫున ప్రచారం చేశారు. 2018 డిసెంబరులో జరిగిన తెలంగాణ శాసనసభ ఎన్నికలకు కోదాడ నుంచి స్వతంత్రుడిగా నామినేషన్ పత్రాలతో వచ్చారు. సొంత ఊరు సినిమా నటుడిని చూడడానికి వస్తుంది, ఓటు మాత్రం తన లెక్కల ప్రకారమే వేస్తుంది. కోదాడ ఆ ఎన్నికల్లో బొల్లం మల్లయ్య యాదవ్‌ను గెలిపించింది. అంతకుముందే వేణుమాధవ్ చనిపోయారన్న పుకార్లు వ్యాపిస్తే, తాను బతికే ఉన్నానని తానే ముందుకు వచ్చి చెప్పుకోవలసి వచ్చింది. తన మాటను ఎవరూ నమ్మని పాత్రలతో పేరు తెచ్చుకొన్న నటుడు నిజజీవితంలో అన్నిటికంటే తేలికైన నిజాన్ని నమ్మించడానికి తంటాలు పడ్డారు.

బొమ్మకు పలకని అక్షరాలు

వేణుమాధవ్ వేదిక మీద మిమిక్రీతో పాటు వెంట్రిలాక్విజం కూడా ప్రదర్శించారు. పెదవులు కదపకుండా మాట్లాడి, ఆ మాట చేతిలోని బొమ్మ నోటినుంచి వచ్చినట్లు భ్రమ కల్పించే విద్య ఇది. పెదవులు కలిస్తేనే పుట్టే ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు ఇందులో పెద్ద చిక్కు. వాటి స్థానంలో నాలుకతో పలికే త, ద, న వంటి దగ్గరి ధ్వనులను వేగంగా జారవిడిచి, వినేవాడి చెవి తప్పును తానే దిద్దుకొనేలా చేస్తారు. వేగంగా పలికే అలవాటు ఈ విద్యకు ఎంత అవసరమో గమనిస్తే, నల్లబాలు ఊపిరి తిప్పుకోని పలుకు ఎక్కడి సాధనో ఊహించవచ్చు. బ్రిటన్‌లో ఈ విద్య ఏకంగా రేడియోకు ఎక్కింది: పీటర్ బ్రఫ్, ఆర్చీ ఆండ్రూస్ అనే బొమ్మతో 1950 నుంచి బీబీసీలో 'ఎడ్యుకేటింగ్ ఆర్చీ' నడిపాడు. పెదవులు ఎవరికీ కనిపించని చోట పెదవులు కదపని విద్య దేనికన్న ప్రశ్నను లక్షలాది శ్రోతలు పట్టించుకోలేదు, ఎందుకంటే వారు విన్నది మాటలను. ఆ మాటలు రాసినవారిలో ఎరిక్ సైక్స్ ఒకరు.

ఎకరం ధర

కథానాయకుడిగా ఆయన చేసిన చిత్రాల్లో మెరుగైన ఊహ 'భూకైలాస్' (2007)ది. 1958 నాటి పౌరాణికం పేరు తీసుకొని, దానిని హైదరాబాదు చుట్టూ భూముల ధరలు చుక్కలనంటిన కాలానికి అన్వయించారు. ఎకరం యాభై కోట్లన్నది పేరు కింద పెట్టిన ఉపశీర్షిక. పిట్టలదొర కోతల్లోని భూములకు మార్కెట్ ధర పలికిన సంవత్సరాలవి.

ఇద్దరు వేణుమాధవులు

ధ్వన్యనుకరణను తెలుగునాట గౌరవనీయమైన కళగా నిలబెట్టిన నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) వరంగల్‌కు చెందినవారు, 2001లో పద్మశ్రీ పొందినవారు. ఆయన పుట్టినరోజైన డిసెంబరు 28ని మిమిక్రీ కళాకారులు తమ దినోత్సవంగా జరుపుకొంటారు. పేరూ విద్యా రెండూ కలవడంతో కోదాడ వేణుమాధవ్‌ను ఆయన బంధువుగానో శిష్యుడిగానో పొరబడేవారు ఉన్నారు. నేరెళ్ళ 2018 జూన్‌లో మరణించగా, కోదాడ వేణుమాధవ్ మరుసటి ఏడాది సెప్టెంబరులో వెళ్ళిపోయారు.