ఉడుమును పెంచుకోవాలంటే...

“ఉడుము వద్దు, చెయ్యి వదిలితే చాలు” అన్న సామెత తెలియని తెలుగువాడు ఉండడు. మా క్లాసులో మాత్రం ఈ ఏడు సామెత తిరగబడింది. చెయ్యి పోయినా సరే, ఉడుము కావాలట! విదేశాల్లో ఎవరో చిన్న ఉడుమును అరచేతిలో పెట్టుకొని పురుగులు తినిపించడం సెల్‌ఫోన్లో చూశారు. “మీది తాండూరు దిక్కు ఊరే గదా, మీ చేన్ల ఉంటయి గదా, ఒక చిన్నది పట్టుకరారాదు!” అని అడిగినవాళ్ళు ముగ్గురు. జంతుశాస్త్రం చదువుతున్నవాణ్ణి, పైగా రైతుబిడ్డను. రెండు విధాలా జవాబు చెప్పే భారం నా మీదే పడింది.

చిన్న ఉడుము అంటే ఏది?

ఉడుములన్నీ ‘వరానస్’ అనే ఒకే ప్రజాతికి చెందినవి. ప్రపంచంలో ఇవి సుమారు ఎనభై జాతులు. ఇండోనేషియాలోని కొమోడో ఉడుము పది అడుగుల దాకా పెరుగుతుంది. ఆస్ట్రేలియాలోని పొట్టితోక ఉడుము అడుగు కూడా ఉండదు. మిత్రులు చూసింది ఆస్ట్రేలియాకే చెందిన ముళ్ళతోక ఉడుము. ఎంత పెరిగినా రెండడుగులు, రెండున్నర అడుగులు.

మన దేశంలో ఉన్నవి నాలుగు జాతులు. అనంతగిరి గుట్టల్లో, కాగ్నా ఒడ్డున, మా కంది చేన్లలో కనిపించేది బెంగాల్ ఉడుము. పేరు బెంగాల్ అయినా ఊరు మనదే. ఇందులో ‘చిన్న రకం’ లేదు. ఒంటి మీద పసుపు చుక్కలతో ముద్దుగా కనిపించేది పిల్ల మాత్రమే. అది పెరిగి ఐదడుగులకు పైగా అవుతుంది. హాస్టల్ గదిలో మంచం కింద దాచేది కాదన్నమాట.

పెంచేవాళ్ళు ఏం చేస్తారు?

అనుమతి ఉన్న దేశాల్లో ముళ్ళతోక ఉడుమును పెంచేవాళ్ళ పద్ధతి చూద్దాం. ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఉంది.

మొదట పెట్టె. కనీసం నాలుగడుగుల పొడవు ఉండాలి. అడుగున ఇసుక కలిసిన మట్టి అడుగు లోతుకు తగ్గకుండా పోసి, తడి ఆరకుండా చూడాలి. ఉడుము బొరియ తవ్వే ప్రాణి. బొరియలో తేమ లేకపోతే ఒంట్లో నీరు ఆవిరైపోతుంది, గుడ్లు పెట్టవలసిన ఆడది పెట్టలేక చస్తుంది కూడా.

రెండోది వేడి. ఉడుముకు మనలాగా సొంత వేడి లేదు, ఎండ దగ్గర అరువు తెచ్చుకోవాలి. పెట్టెలో ఒక మూల దీపం కింద రాయి యాభై ఐదు డిగ్రీలు దాటి కాలాలి. రెండో మూల ఇరవై ఐదు డిగ్రీల చల్లదనం ఉండాలి. ఈ రెంటి మధ్య అది తిరుగుతూ తన ఒంటి వేడి తానే సర్దుకుంటుంది. అందుకని పెంపకందారులు దీపం కింద పలకల మీద పలకలు, నడుమ సందులు వదిలి పేరుస్తారు. పైసందు వేడి, కిందిసందు చల్లన. ఏ సందు కావాలో ఉడుమే ఎంచుకుంటుంది.

మూడోది తిండి. మిడతలు, బొద్దింకలు, పురుగులు, వాటి మీద కాల్షియం పొడి. అతినీలలోహిత కిరణాల దీపం కూడా కావాలి. ఆ కిరణాలు తగిలితే చర్మంలో డి విటమిన్ తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. కేవలం మెత్తటి మాంసం వేసి పెంచితే ఎముకలు వంగిపోతాయి. ఇంత చేసి పదేళ్ళకు పైగా సాకాలి. మూడేళ్ళ డిగ్రీకి ఇది సరిపడే వ్యవహారమేనా?

చట్టం మాట

సరే, ఓపిక ఉందనుకుందాం. మన ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. పులి ఉన్నదీ అందులోనే. పట్టడం, చంపడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ నేరాలే. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మూడు నుంచి ఏడేళ్ళ జైలు, ఇరవై ఐదు వేల రూపాయలకు తగ్గని జరిమానా.

ఇంత కఠినం ఎందుకంటే కారణం ఉంది. మాంసానికి, నూనెకు, కంజీర వాద్యం చర్మానికి దీన్ని తరతరాలుగా చంపారు. ‘హత్తా జోడి’ అనే పేరుతో, ఇంట్లో పెడితే ధనం వస్తుందని అమ్మే చెట్టువేరు కూడా వేరు కాదు. అది ఎండబెట్టిన మగ ఉడుము జననాంగం. వేరనుకొని దాన్ని దేవుడి పటం ముందు పెట్టి మొక్కేవాళ్ళున్నారు!

పట్టు, నాలుక, ఊపిరి

ఉడుంపట్టు సంగతి వట్టి కథ కాదు. సందులో దూరిన ఉడుము గోళ్ళు దించి, ఊపిరితిత్తుల నిండా గాలి పట్టి ఒళ్ళు ఉబ్బించుకుంటుంది. తోక పట్టి లాగినకొద్దీ బిగుస్తుంది.

‘రెండు నాలుకలు’ అని దాన్ని ఆడిపోసుకుంటారు గానీ, ఆ చీలికే దాని ముక్కు. రెండు కొనలు రెండు పక్కల వాసన కణాలను ఏరి అంగిట్లోని జాకబ్సన్ అవయవానికి అందిస్తాయి. ఎటు వాసన ఎక్కువో అటు తిరుగుతుంది.

ఇంకో వింత. బల్లిజాతి ప్రాణులు చాలావరకు పరుగెత్తుతూ సరిగా ఊపిరి పీల్చలేవు. పక్కటెముకల కండరాలే ఒంటిని వంచడానికీ, గాలి పీల్చడానికీ పనిచేయాలి. ఉడుము గొంతుసంచిని పంపులా ఆడించి గాలిని లోపలికి నెట్టుకుంటుంది. 1999లో శాస్త్రజ్ఞులు ఆఫ్రికా ఉడుము మీద ఎక్స్-రే చిత్రాలతో దీన్ని రుజువు చేశారు. కనుకనే అది అలవకుండా చాలా దూరం తిరగగలదు.

మన నాపరాళ్ళే దాని ఇల్లు

పైన చెప్పిన పలకల పేర్పు చదివితే తాండూరువాళ్ళకు ఏం గుర్తొస్తుంది? బండల గనుల దగ్గర, చేను గెట్ల మీద పేరుకుపోయిన నాపరాళ్ళ కుప్పలు! పైన కాలే బండ, కింద చల్లటి సందు, అడుగున తేమ మట్టి. విదేశీయుడు డబ్బు పోసి పెట్టెలో కట్టుకునేది మన గెట్టు మీద ఉచితంగా ఉంది.

మా చేను మూలన అలాంటి కుప్ప ఒకటుంది. పోయిన ఎండాకాలం మా నాయిన దాన్ని జేసీబీతో ఎత్తించి రెండు సాళ్ళు కంది ఎక్కువ వేద్దామన్నాడు. రెండు సాళ్ళంటే మా ఇంట్లో చిన్న మాట కాదు. “నీ ఉడుము ఫీజు కడతదా?” అన్నాడు. నేను లెక్క చెప్పాను: పేడపురుగులు, వేరు తినే లద్దెపురుగులు, నత్తలు, ఎలుక పిల్లలు దాని తిండి. కోడిగుడ్లు కూడా ఎత్తుకుపోతుంది, ఆ మాట దాచలేదు. అది పగలు తిరిగే ప్రాణి గనుక గుడ్లను ఎప్పటికప్పుడు తీసేసి, పిల్లల మీద గంప బోర్లిస్తే చాలు. చివరికి సగం రాయి పోయింది, సగం నిలిచింది.

రైతు మిత్రులకు మనవి ఒక్కటే. ఉడుము వానల కాలంలో ఇరవై దాకా గుడ్లు మట్టిలోనో పుట్టలోనో పెడుతుంది. అవి పిల్లలవడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. ఎండాకాలం మనం నేల చదును చేసేనాటికి గుడ్లు లోపలే ఉంటాయి. రాయి తీయక తప్పకపోతే పైవరసలు తీయండి, అడుగు మట్టి తవ్వకండి. నాగులచవితికి పాలు పోసే పుట్టను మిగతా రోజుల్లో కూడా ఉంచండి. బావిలో పడితే పొడుగాటి కొమ్మ దించండి, అదే ఎక్కి వస్తుంది. ఇంట్లో దూరితే తలుపు తెరిచి పక్కకు జరగండి. గాయపడితే అటవీశాఖవారికి కబురు చేయండి.

పెంచుకోవాలన్న మిత్రులు పొద్దున తొమ్మిదింటికి మా గెట్టు మీదికి రావచ్చు. ఇరవై అడుగుల దూరాన కదలకుండా కూర్చోవాలి, అంతే. పెట్టె కొనక్కర్లేదు, దీపం బిల్లు లేదు, జైలు భయం అసలే లేదు.